ఐదో స్టాపు

ఏప్రిల్ పదకొండో తేదీ మధ్యాహ్నం మేమిద్దరం తిన్నది మెదిపిన బంగాళాదుంప. ఉప్పు వేసి, పాలు పోసి, ఎక్కడా పలుకు తగలకుండా జల్లెడలోంచి దించినది. అంతకన్నా గట్టిది అక్కయ్యకి పెట్టకూడదు. తను గుజ్జు మింగుతుంటే ఎదురుగా కూచుని నేను నములుతూ ఉండడం బాగుండదని నేనూ అదే తినేవాణ్ణి. అప్పటికి రెండు నెలలుగా నా పళ్ళకి పనిలేదు.

అక్కయ్య ముప్పై ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరు. నేను ముప్పై ఒక్కేళ్ళు లైబ్రరీలో. "ఒకరు అరిచి బతికారు, ఒకరు అరవద్దని చెప్పి బతికారు" అని మా మేనకోడలు నవ్వేది. అక్కయ్యకి ఒక్కగానొక్క కూతురు తను. ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. నా భార్య పోయాక వాళ్ళింట్లో వెనక గదిలోకి చేరాను. ఫిబ్రవరిలో ఒక ఉదయం తల దువ్వుకుంటుంటే అక్కయ్య చేతిలోంచి దువ్వెన జారిపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ ఒకేసారి పోయాయి. కాలు కొంచెం తిరిగొచ్చింది. మాట రాలేదు.

ఆసుపత్రి కింది అంతస్తులో, మందుల గది పక్కన, స్పీచ్ థెరపీ గది. అక్కడ పనిచేసే అమ్మాయిని మేం మాటల టీచరు అనేవాళ్ళం. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. మొదటి రోజు మాటల సంగతే ఎత్తలేదు. ఒక చెంచా, చిన్న టార్చిలైటు తీసి అక్కయ్య చేత మింగించింది. గొంతు మీద వేళ్ళు ఆనించి చాలాసేపు కళ్ళు మూసుకుంది.

"మాటకీ మింగడానికీ వాడేది ఒకే గొంతు సార్," అంది నాతో. "ఒకటి దెబ్బతింటే రెండోదీ దెబ్బతింటుంది. అన్నిటికన్నా ప్రమాదం నీళ్ళు. పల్చన, పైగా వేగం. ఆవిడ గొంతు మూతపడేలోపు ఊపిరితిత్తుల్లోకి జారిపోతాయి. దగ్గు కూడా రాకపోవచ్చు."

"దగ్గు రాకపోతే మంచిదే కదండీ?"

"కాదు సార్. వస్తే మనకి తెలుస్తుంది."

అందుకని ఒక పొడి ఇచ్చింది. గ్లాసు నీళ్ళకి మూడు చెంచాలు కలిపితే నీళ్ళు తేనెలా సాగుతాయి. రుచి చూశాను. జిగురు డబ్బాలో నాలిక పెట్టినట్టుంది. అక్కయ్య మొదటి చెంచా మింగి నావైపు చూసిన చూపు, వెనకటికి చెల్లని నోటు ఇచ్చిన ప్రయాణికుడివైపు చూసే చూపు.

ఆ రోజు నుంచి రాత్రుళ్ళు రెండు గదుల తలుపులూ తెరిచి పడుకునేవాణ్ణి. అక్కయ్య దగ్గితే ఒక భయం. దగ్గకపోతే ఇంకో భయం.

మాట సంగతి మార్చిలో మొదలైంది. అంకెలు, వారాల పేర్లు పలికించాలని టీచరు ప్రయత్నించింది. ఏదీ కదల్లేదు. చివరికి మా మేనకోడల్ని అడిగింది.

"మీ అమ్మగారు జీవితంలో ఎక్కువసార్లు అన్న మాటలేవి?"

"నన్ను తిట్టినవి కాకుండానా?"

"అవీ చెప్పండి, పనికొస్తాయి."

"తిట్లకన్నా ఎక్కువ స్టాపుల పేర్లే. తొమ్మిదో నంబరు బస్సు. పది స్టాపులు. నిద్రలో కూడా అరిచేది."

టీచరు వాటిని రాసుకుంది. అక్కయ్య ఎడమ అరచేతిని తన చేతిలోకి తీసుకుని, తాళం వేస్తున్నట్టు మెల్లగా తట్టుతూ, "డిపో" అంది. అక్కయ్య పెదాలు కదిలాయి. మళ్ళీ తట్టింది. "డిపో, గడియారం, పాత కోర్టు, పాల కేంద్రం, నీళ్ళ ట్యాంకు, ఆడపిల్లల బడి, రైలు గేటు, పెద్దాసుపత్రి, వంతెన, మిల్లు." ఒక్క గుక్కలో, పాత గొంతుతో, గోడలు అదిరేట్టు అక్కయ్య అనేసింది. పక్క కుర్చీలో తన వంతు కోసం కూచున్న ఆరేళ్ళ నత్తి పిల్ల ఉలిక్కిపడి, తర్వాత చెయ్యి చాచి, "ఒ... ఒ... ఒక టికెట్," అంది. అక్కయ్య ఎడమ చెయ్యి లేని సంచి కోసం నడుం దగ్గర తడుముకుంది. అందరం నవ్వాం. మా మేనకోడలు నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"ఇది ఇంకా మాట కాదు," అంది టీచరు. "వరస అప్పజెప్పడం వేరు, మాట్లాడడం వేరు. తనకి కావలసిన చోట ఎప్పుడైనా ఆగితే అది మాట. ఆ రోజు నాకు ఫోన్ చెయ్యండి, అర్ధరాత్రైనా సరే. అప్పటిదాకా ఇంట్లో రోజూ అనిపించండి. ఎక్కడైనా చిక్కుకుంటే తర్వాతి స్టాపు మీరు అందించండి."

ఇక ఏప్రిల్ పదకొండు. మేనకోడలు డ్యూటీకి వెళ్ళింది. రెండు గంటల ఎండ కిటికీ చువ్వల మీద తెల్లగా ఉంది. గిన్నెలు కడిగి వచ్చి, అక్కయ్య మంచం పక్కన కూచుని అరచెయ్యి తట్టాను. "డిపో, గడియారం, పాత కోర్టు, పాల కేంద్రం, నీళ్ళ ట్యాంకు." ఆగింది.

"ఆడపిల్లల బడి," అని అందించాను.

అక్కయ్య తల అడ్డంగా ఊపి మళ్ళీ మొదలుపెట్టింది. డిపో నుంచి వచ్చి నీళ్ళ ట్యాంకు దగ్గర మళ్ళీ ఆగింది. నేను మళ్ళీ బడి అందించాను. చెప్పినట్టు చెయ్యడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మూడోసారి ఆగినప్పుడు తను నా చెయ్యి విదిలించుకుని, ఎడమ చేత్తో బల్ల మీద నా మంచినీళ్ళ కూజా చూపించింది. కూజా చుట్టూ చెమ్మ పట్టి ఉంది. ఆవిణ్ణి దిగాల్సిన చోట దిగనివ్వకుండా మూడుసార్లు బస్సు పోనిచ్చాను.

రెండు నెలల్లో అక్కయ్య అడిగిన మొదటి మాట అది.

నా భార్యని ఆపరేషనుకి తీసుకెళ్ళే ముందు దాహమంది. నీళ్ళివ్వద్దని నర్సు చెప్పి వెళ్ళింది. నేను ఇవ్వలేదు. దూది తడిపి పెదాల మీద అద్దితే దాన్ని చప్పరించింది. ఆమె మళ్ళీ ఆ గదికి తిరిగి రాలేదు. నర్సు చెప్పింది సరైనదే, నాకు తెలుసు. తెలిసినా ఆ దూది సంగతి పోదు.

కూజాలోంచి చెంచాడు నీళ్ళు తీశాను. పొడి కలపలేదు. అక్కయ్య మింగి కళ్ళు మూసుకుంది. దగ్గలేదు. ఇంకోటి. ఇంకో రెండు. పెదాల మీది తడిని నాలికతో తుడుచుకుని, నా చొక్కా గుండీ పట్టుకుని కాసేపు వదల్లేదు. అంత మంచి మధ్యాహ్నం ఆ ఇంట్లో చాలా రోజులుగా లేదు. అందుకే మర్నాడూ ఇచ్చాను. ఆ మర్నాడూ.

టీచరుకి ఫోన్ చెయ్యలేదు. చేస్తే, ఎక్కడ ఆగింది అంటుంది. తర్వాత మీరేం చేశారు అంటుంది. ఆవిడ ఎదురుచూస్తున్న ఒకే ఒక్క కబురు నా దగ్గరుంది, అది బయట పెట్టే దారి లేదు. గ్లాసులో పొడి కలిపి సింకులో పారబోసేవాణ్ణి, డబ్బాలో పొడి తగ్గకపోతే మేనకోడలికి తెలుస్తుందని. ఇంత పకడ్బందీగా దొంగతనం చెయ్యగలనని నాకు తెలీదు.

ఇరవయ్యో తేదీ తెల్లారుజామున తెరిచిన తలుపుల్లోంచి ఒక చప్పుడు వినిపించింది. దగ్గు కాదు. సన్నగా, నీళ్ళ కింద నుంచి బుడగలు వస్తున్నట్టు. వెళ్ళి నుదురు ముట్టుకుంటే పెనంలా కాలిపోతోంది.

"మావయ్యా, ఆటో పిలువు," అంది మేనకోడలు ఒక్క చూపు చూసి. "చెప్పులేసుకో. కంగారుపడకు. నువ్వు పడితే నిన్నెవరు చూస్తారు?" చొక్కా తిరగేసి తొడుక్కున్నానని ఆసుపత్రిలో తనే చూసి చెప్పింది.

న్యుమోనియా అన్నారు. కుడి ఊపిరితిత్తి కింది భాగం. మూడో అంతస్తులో కిటికీ పక్క మంచం, ముక్కుకి ఆక్సిజన్. సాయంత్రం మాటల టీచరు పైకి వచ్చింది. మంచం చివర వేలాడే కాగితాలు చదివి మా ఇద్దరివైపు తిరిగింది.

"పల్చటి నీళ్ళేమైనా లోపలికి వెళ్ళాయా? పొరపాటున, ఒక్క గుక్క అయినా?"

"మా మావయ్య సంగతి మీకు తెలీదు," అంది మేనకోడలు. "చెంచా మీద గీత గీసుకుని మరీ కలుపుతాడు."

టీచరు నావైపే చూస్తోంది.

"లేదండీ," అన్నాను.

ఒక్క మాట. అక్కయ్యకి రెండు నెలలు పట్టింది ఒక్క మాట అనడానికి. నాకు క్షణం కూడా పట్టలేదు.

టీచరు కాగితం మీద ఏదో రాసి, కలం మూత పెట్టింది. "అయితే చిక్కటి నీళ్ళు కూడా దారి తప్పుతున్నట్టే. ఇంక నోటితో ఏదీ పెట్టలేం. పొట్టకి గొట్టం పెట్టాల్సి వస్తుంది. పెద్ద డాక్టరుగారు సోమవారం పెట్టొచ్చు అంటున్నారు."

"ఎన్నాళ్ళకి?" మేనకోడలు అడిగింది.

"చెప్పలేం. కొందరికి ఎప్పటికీ."

అది గురువారం. గొట్టం పెడితే అక్కయ్యకి బంగాళాదుంపా లేదు, ఆ జిగురు నీళ్ళూ లేవు, మింగడమే ఉండదు. మింగని గొంతు మెల్లగా మింగడం మరిచిపోతుందని టీచరే ఒకసారి చెప్పింది. దానికి కారణం జబ్బు కాదు, నేను అన్న ఒక్క మాట. అది వెనక్కి తీసుకుంటే గొట్టం ఆగుతుంది. శుక్రవారమంతా వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాను. చెబుదామని రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళాను. లోపల మేనకోడలు తల్లి కాళ్ళకి నూనె రాస్తోంది. నన్ను చూసి, "వచ్చి కూచో మావయ్యా, కాళ్ళు లాగుతాయి," అంది. నా గొంతు కూడా సరిగ్గా అక్కయ్య గొంతులాగే పనిచెయ్యడం మానేసింది. మాట అక్కడి దాకా వచ్చి పక్కదారి పట్టేది. చెప్పానంటే ఆ పిల్ల నన్ను మళ్ళీ అలా కూచోమనదు. చెప్పకపోతే సోమవారం వస్తుంది.

శనివారం అక్కయ్యకి జ్వరం తగ్గింది. దిండ్లు ఎత్తు పెట్టి కూచోబెట్టారు. టీచరు వచ్చి అరచెయ్యి పట్టుకుంది.

"ఏవండీ కండక్టరుగారూ, మూడు రోజులుగా బస్సు డిపోలోనే ఉంది. తీద్దామా?" అని తట్టింది. "డిపో."

"డిపో. గడియారం. పాత కోర్టు. పాల కేంద్రం." అక్కయ్య గొంతు బొంగురుగా ఉంది. అక్కడ ఆగి, నావైపు చూసింది. తర్వాత టీచరువైపు తిరిగి, "ఆడపిల్లల బడి. రైలు గేటు. పెద్దాసుపత్రి. వంతెన. మిల్లు," అని పూర్తిచేసింది.

"ఒకటి పోయింది," అంది టీచరు. మళ్ళీ తట్టింది. పాల కేంద్రం తర్వాత మళ్ళీ బడే వచ్చింది. మూడోసారీ అంతే.

మేనకోడలి ముఖం పాలిపోయింది. "ఎప్పుడూ తప్పలేదు. ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా."

"చూద్దాం. ఇంకో చిన్న స్ట్రోక్ ఏమైనా వచ్చిందేమో. స్కాన్‌కి రాస్తాను." టీచరు కాగితం తీసింది.

నేను ఒకసారి వర్షంలో తొమ్మిదో నంబరు బస్సెక్కాను. ఎప్పటి మాటో. బస్సులో నేనూ, డ్రైవరూ, అక్కయ్యా, అంతే. అయినా తను ప్రతి స్టాపూ కేకేస్తోంది. "ఎవరికమ్మా ఆ కేకలు? దిగేవాళ్ళెవరూ లేరుగా," అన్నాడు డ్రైవరు. "దిగేవాళ్ళు లేకపోయినా స్టాపు స్టాపే. నువ్వు తోలు," అంది అక్కయ్య. ముప్పై ఏళ్ళలో ఒక్క స్టాపు వదిలిన మనిషి కాదు. చిన్నప్పుడు నేను పగలగొట్టిన గాజు సామానంతా తనే పగలగొట్టినట్టు ఒప్పుకున్న మనిషి కూడా.

దుప్పటి మీద అక్కయ్య ఎడమ చెయ్యి నావైపు చాచి ఉంది. వేళ్ళు కొద్దిగా కదులుతున్నాయి, ఊరుకో అన్నట్టు.

"ఆ మాట పోలేదండీ," అన్నాను. "స్కాన్ అక్కర్లేదు. ఆవిడ కావాలనే దాటేసింది. నా కోసం."

టీచరు కలం ఆగింది. ఆ పైన చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. పదకొండో తేదీ, మూడుసార్లు ఆగడం, కూజా, చెంచా, సింకులో పారబోసిన గ్లాసులు. చెబుతున్నంతసేపూ మంచం చక్రం వైపే చూశాను. దాని మీద తుప్పు మరక ఉంది.

"ఎన్ని చెంచాలు?" అంది మేనకోడలు.

"మొదటి రోజు నాలుగు. తర్వాత... ఇంకాస్త ఎక్కువ."

"ఎన్ని రోజులు?"

"తొమ్మిది."

తను తల్లి కాళ్ళ మీద దుప్పటి సర్దింది. సర్దిన దాన్నే మళ్ళీ సర్దింది.

"మీరు కాసేపు బయట కూచోండి," అంది.

ఆ పిల్లకి మాటలు వచ్చిన దగ్గర నుంచీ నన్ను నువ్వనే పిలిచింది. నా భుజాలెక్కి తిరిగినప్పుడూ, ఉద్యోగం వచ్చినప్పుడూ, నా భార్య శవం పక్కన నన్ను పట్టుకుని కూచున్నప్పుడూ నువ్వే. "మీరు" అనడం అదే మొదటిసారి. తిట్టి ఉంటే నిలబడగలిగేవాణ్ణి.

వరండాలో బెంచీ మీద చాలాసేపటికి టీచరు వచ్చి పక్కన కూచుంది. నన్ను చూడకుండా ఎదుటి గోడతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"ఆవిడ చచ్చిపోయి ఉండేవారు సార్. మీకు అది తెలియాలి."

"తెలుసండీ."

"సోమవారం గొట్టం వద్దని డాక్టరుగారితో చెప్పాను. దాని బదులు మింగేటప్పుడు ఎక్స్‌రే తీస్తాం. చిక్కటిది సరైన దారిలో వెళ్తే గొట్టం అక్కర్లేదు. వెళ్ళకపోతే పెట్టక తప్పదు. ఇంకోటి. మీ అక్కయ్యగారు ఒక మాటని పట్టుకుని, అది ఎవరికి చెబితే ఎవరికి ముప్పో ఆలోచించి, దాచేశారు. మూడుసార్లు. దానికి చాలా భాష కావాలి. నేను రెండు నెలలుగా వెతుకుతున్నది అదే."

సోమవారం ఎక్స్‌రే గది బయట నేనూ మేనకోడలూ ఒకే బెంచీ మీద రెండు చివర్ల కూచున్నాం. తలుపు మీద ఎర్ర దీపం వెలిగింది. ఒక చెంచా లోపలికి వెళ్ళడానికి ఎంతసేపు కావాలి? ఆ దీపం ఆరేలోగా నేను ఎన్నో మొక్కులు మొక్కాను. ఎవరికి మొక్కానో కూడా గుర్తులేదు. మేనకోడలు బెంచీ అంచుని గట్టిగా పట్టుకుని ఉంది. ఒకసారి లేచి తలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, నా వైపు ఒక అడుగు దగ్గరగా కూచుంది. చూసుకోకుండా కూచుందేమో. నేను కదల్లేదు.

టీచరు తలుపు తీసి, చిక్కటిది మూడు చెంచాలూ సరిగ్గా వెళ్ళాయంది. నీళ్ళు మాత్రం కొంచెం పక్కకి పోయాయి. గడ్డం గుండెకి ఆనించి, అర చెంచా చొప్పున ఇస్తే అదీ తగ్గింది. మేనకోడలు గోడ వైపు తిరిగి నిలబడింది.

మేలో ఇంటికొచ్చాం. నా మంచం వెనక గదిలోనే ఉంది, పొడి డబ్బా మాత్రం మేనకోడలి బీరువాలోకి వెళ్ళింది. తను తల్లి గదిలో నేల మీద పడుకునేది. నేను గుజ్జు చేసి ఇస్తే తనే తినిపించేది. "ఉప్పు సరిపోయిందా మీకు?" అనేది. నన్నెవరో అద్దెకున్న పెద్దమనిషిని అడిగినట్టుండేది. తలుపులు రెండూ రాత్రంతా తెరిచే ఉండేవి. తను వింటోందని నాకు తెలుసు. నేను వింటున్నానని తనకీ తెలుసు.

ఊపిరితిత్తులు శుభ్రపడ్డాక టీచరు ఒక పద్ధతి రాసిచ్చింది. ముందు నోరంతా బ్రష్షుతో తోమాలి, నోట్లో మురికి లేకుండా. నిటారుగా కూచోబెట్టాలి. గడ్డం కిందికి. అర చెంచా మామూలు నీళ్ళు. మింగాక మాట్లాడించాలి. గొంతు తడిగా, గరగరమంటూ వినిపిస్తే వెంటనే ఆపాలి. "భయం పోదు సార్," అంది నాతో విడిగా. "పోకూడదు కూడా. ఈసారి చాటుగా కాకుండా అందరి ముందూ భయపడండి."

జూన్ నాలుగో తేదీ. రాత్రి తొమ్మిదింటికి మేనకోడలు తల్లి నోరు కడిగి, దిండ్లు సర్ది, అర చెంచా నీళ్ళు తీసింది. అంతలో అక్కయ్య ఎడమ చేత్తో ఆ చెంచాని పక్కకి తోసి, గుమ్మంలో నిలబడ్డ నావైపు చూపించింది. నీళ్ళు దుప్పటి మీద ఒలికాయి. తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఆ ఇంట్లో అక్కయ్యతో పంతంలో గెలిచినవాళ్ళు లేరు, మాట ఉన్న రోజుల్లోనూ.

మేనకోడలు మళ్ళీ చెంచా నింపింది.

"నువ్వే పట్టు మావయ్యా," అంది. "నేను చూస్తుంటా."

చెంచా అందుకున్నాను. సగం మళ్ళీ ఒలికింది. మిగిలిన కాసిని అక్కయ్య నోట్లోకి వెళ్ళాయి. గడ్డం దించింది. గొంతు ఒకసారి పైకి లేచి కిందికి దిగింది. పక్కింట్లో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"చెప్పమ్మా," అంది మేనకోడలు.

"డిపో. గడియారం. పాత కోర్టు. పాల కేంద్రం." పొడి గొంతు. ఎక్కడా తడి లేదు. "నీళ్ళ ట్యాంకు."

ఆగింది. ఆగి, నన్ను చూసింది.

"రేపు," అన్నాను. "ఈ రోజుకి ఇంతే, అక్కయ్యా."

తను కాసేపు ఆలోచించింది. నేను గిన్నె, చెంచా తీసుకుని గుమ్మం దాటాను. వెనక నుంచి, ఎవరూ తట్టకుండా, వరసలో లేని మాట ఒకటి వచ్చింది.

"రైట్."

దిగాల్సిన వాళ్ళు దిగాక, తలుపు పడ్డాక బస్సు కదలమని అనే మాట అది. మేనకోడలు నవ్వు ఆపుకోలేకపోయింది. "విన్నావుగా. ఇంక వెయ్యి మావయ్యా తలుపు. నేనున్నాను లోపల," అంది.

ఫిబ్రవరి నుంచి ఆ తలుపు రాత్రిపూట మూసింది లేదు. గిన్నె కింద పెట్టి, గడియ చప్పుడు కాకుండా రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా దగ్గరికి వేశాను.